ఇల్లంతా ఒకే నేల

జనవరి 9

ఇల్లు బాగుచేయిద్దామని నిర్ణయించాను. నిర్ణయించాం అని రాయాలి కాబోలు. కానీ ఆయన "నీ ఇష్టమే" అని ఊరుకున్నారు. అలాంటి మాటని పూర్తి ఒప్పుదల కింద జమకట్టడం నాకు చేతకాదు. ఇన్నేళ్లుగా బిల్లుల ఆఫీసులో క్యాష్ కౌంటర్ దగ్గర కూర్చుంటున్నదాన్ని, చినిగిన నోటు తీసుకోను.

పొద్దున్నే ఆడపడుచు ఫోన్ చేసింది. ఆయనకంటే పెద్దది, వదినా అని పిలవాలి, పిలుస్తాను. "నువ్వు ఆఫీసుకెళ్లిపోతే వాడు పొద్దస్తమానం ఒక్కడే ఉంటాడు. ఏదో తగిలి పడితే ఎవరు చూస్తారు? మా ఇంటికి పంపించెయ్, నేను చూసుకుంటాను" అంది. పంపించెయ్ అట. మనిషా, పార్సిలా? అయినా "చూద్దాం వదినా" అన్నాను.

నేను ఉద్యోగం మానడానికి లేదు. బస్సు కంపెనీవాళ్లు ఆయనకి కంటి పరీక్ష చేయించి, ఇక స్టీరింగ్ పట్టుకోవద్దని చెప్పి, ఇవ్వాల్సిన సొమ్ము చేతిలో పెట్టి ఇంటికి పంపించేశాక ఇంట్లోకి వచ్చే జీతం నాదొక్కటే. అందుకని ఇల్లే మారాలి. ఆయన తనంతట తాను లేచి, తిని, బాత్రూమ్‌కి వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చోగలగాలి. నేను గుండె మీద చెయ్యేసుకుని ఆఫీసుకి వెళ్లగలగాలి. అది కుదిరితే ఆయన నా దగ్గరే ఉంటారు. కుదరకపోతే వదిన మాట చెల్లుతుంది.

డాక్టరు ఏం చెప్పాడో ఇక్కడ రాయను. చూపు అంచుల్లో కాస్త మందగించింది, చుక్కల మందు వేసుకుంటున్నారు. కర్ర పట్టుకుని నడవడం నేర్పే చోటు ఒకటుందని చీటీ కూడా రాసిచ్చాడు. ఇప్పుడే ఎందుకు.

జనవరి 11

ఆదివారం. పాత క్యాలెండర్ కాగితాలు తిరగేసి వెనకవైపు లెక్క వేశాను. నాకు లెక్కలు కొత్త కాదు గానీ ఇంటి లెక్క కొత్త. ఏది ముందు, ఏది వెనక అన్నదే అంతు చిక్కదు.

మూడు భాగాలు చేశాను. తప్పనిసరి, చేయిస్తే మంచిది, డబ్బు మిగిలితే. తప్పనిసరిలో గడపలు తీయించడం, బాత్రూమ్, ఇంటి నేల. చేయిస్తే మంచిదిలో గోడలకి పుట్టీ, రంగులు, స్విచ్ బోర్డులు. మిగిలితే వంటింటి అలమర. సాయంత్రానికి అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి తప్పనిసరిలో కూర్చున్నాయి. మొత్తం కలిపితే ఆయనకొచ్చిన సొమ్ములో ముప్పాతిక. ఎందుకైనా మంచిదని పైన పదోవంతు కలిపాను. నా ముందుచూపుకి నాకే ముచ్చటేసింది.

ఈ ఇల్లు కట్టినవాడు ఎక్కడో మిగిలిపోయిన సామానుతో కట్టినట్టున్నాడు. హాల్లో బండలు, పడగ్గదిలో ఎర్ర గచ్చు, వంటింట్లో గరుకు సిమెంటు. ఏ గది నేల ఆ గదిదే. కొన్నప్పటినుంచీ నాకు చిరాకే.

"ఏవండీ, ఇంట్లో మీకేమైనా కావాలా?" అని అడిగాను.

"ఏముందే, ఉన్నది బాగానే ఉందిగా."

"బాగానే ఉందా? మొన్న గడప తగిలి బొటనవేలు చీరుకుపోలేదూ?"

"గడప ఏం చేసింది పాపం. దాని పక్కన నువ్వు పెట్టిన సంచి తగిలింది."

సంచి అట. ఈయన ఎవరినీ తప్పు పట్టరు, గడపనైనా సరే, నన్ను తప్ప.

జనవరి 15

మేస్త్రీ వచ్చాడు. టేపు విప్పి వెంటనే మూసేస్తాడు, నోరు మాత్రం విప్పితే మూయడు.

"ఇంతకీ ఎందుకు చేయిస్తున్నారమ్మా? అద్దెకిచ్చే ఆలోచనేమైనా ఉందా?" అన్నాడు.

"పాతబడిపోయింది. చూడ్డానికి అసహ్యంగా ఉంది. ఈమధ్య కడుతున్న ఇళ్లలా ఉండాలి" అన్నాను.

పక్కగదిలో ఆయన రేడియో వింటున్నారు. ఆ మాట దగ్గర రేడియో చప్పుడు కాస్త తగ్గింది, మళ్లీ పెరిగింది. ఇంకేం చెప్పాలి నేను? పరాయివాడికి ఇంటి విషయాలన్నీ విప్పి చెప్పుకుంటామా?

మేస్త్రీ నా లెక్క చూసి మెచ్చుకున్నాడు. "బ్రహ్మాండంగా రాశారమ్మా. పగలగొట్టిన చెత్త ఎవరు ఎత్తుకెళతారు, మీరా, సారా?" అన్నాడు. చెత్త ఎత్తడానికి బండి రాయలేదు. ఇసుక లోపలికి మోసే కూలి రాయలేదు. టైల్స్ కొన్ని విరుగుతాయి, కొన్ని మూలలకి కోస్తే వృథా అవుతాయి, అవీ రాయలేదు.

"విరగ్గొట్టేది నువ్వు, డబ్బు కట్టేది నేనా?" అన్నాను.

"నేను కాకపోతే ఇంకొకడు విరగ్గొడతాడమ్మా. నేనైతే తక్కువ విరగ్గొడతాను" అన్నాడు. నవ్వాపుకోలేకపోయాను. పక్కగదిలోంచి ఆయన కూడా నవ్వారు. చాలా రోజులైంది ఈ ఇంట్లో ఇద్దరం ఒకే మాటకి నవ్వి.

రంగులు ఆఖర్న వేయించుకోమన్నాడు. రంగులాయన ఇప్పుడు ఖాళీగా ఉన్నాడు, తక్కువకే వస్తానంటున్నాడు. ఈ మేస్త్రీకి తన మనిషెవరో ఉండుంటాడు. నాకు తెలియదనుకున్నాడు.

జనవరి 16

పదోవంతు చాలదు. అయిదోవంతు కలిపాను. ముచ్చట వెనక్కి తీసుకుంటున్నాను.

జనవరి 24

టైల్స్ షాపుకి ఆయన్ని కూడా తీసుకెళ్లాను. తన సొమ్ముతో వేయించేది తను చూడకపోతే ఎలా?

ఒక్కో పలకా చేతిలోకి తీసుకుని బొటనవేలితో రాస్తూ పోయారు. షాపతను "సార్‌కి సరుకు నాణ్యత తెలుసండీ" అన్నాడు. నాకు గర్వమేసింది. ఆయన చివరికి గరుకుగా, పొలుసులు పొలుసులుగా ఉన్నదొకటి పట్టుకుని, "ఇది హాల్లోకి, ఆ ఇందాకటి గీతలున్నది గదిలోకి వేద్దామా?" అన్నారు. ఒకటి ఇటుక రంగు. ఇంకోటి పాచి రంగు.

"గదికో రంగేమిటండీ, సంతలా ఉంటుంది" అన్నాను.

"ఇల్లంతా ఒకే నేల వేయించండి సార్, ఇల్లు పెద్దదిగా కనపడుతుంది" అన్నాడు షాపతను.

"అలాగే కానివ్వండి" అని ఆయన పలక కింద పెట్టబోయారు. బల్ల అంచు దొరక్క చెయ్యి గాల్లో కాస్త వెతికింది. ఆ షాపులో మరీ అన్ని దీపాలు. ఎవరికైనా కళ్లు చెదురుతాయి.

లేత మీగడ రంగు తీసుకున్నాం. అద్దంలా ఉంది. బాత్రూమ్‌కి మాత్రం అదే రంగులో తడిలో జారనిది. దారంతా ఆయనకి చెబుతూనే వచ్చాను, వంగి చూస్తే మన మొహం కనపడుతుందండీ, హాల్లోంచి వంటింటిదాకా ఒక్క గీత అడ్డు ఉండదండీ అని. "అవునా" అని నవ్వుతూ విన్నారు. ఆయనకి నచ్చింది. నచ్చకపోతే అంతసేపు వింటారా?

ఫిబ్రవరి 3

గోడలు అయిపోయాయి. గుంటలూ పెచ్చులూ పోయి చెంపల్లా నున్నగా తేలాయి. ఆయన హాల్లో గోడ మీద అరచెయ్యి వేసి ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడిచారు. "బాగా చేశాడు" అన్నారు. మళ్లీ వెనక్కి నడిచారు.

ఫిబ్రవరి 10

బాత్రూమ్ నేల తవ్వితే గోడ లోపలి గొట్టం కుళ్లిపోయి ఉంది. ఎన్నాళ్లుగా కారుతోందో, గోడంతా లోలోపల తడిసి ముద్దయింది. గొట్టాలన్నీ మార్చాలట. మార్చాలంటే గోడ కొట్టాలి. గోడంటే మొన్న రంగు వేయించిన గోడ. మేస్త్రీ "నేను ముందే చెప్పానమ్మా" అనలేదు. అనుంటే బాగుండేది, తిట్టడానికి ఒక మనిషి దొరికేవాడు.

లెక్క మళ్లీ వేశాను. నా అయిదోవంతు గొట్టాల్లోనే కొట్టుకుపోయింది. ఆఫీసులో అప్పుకి కాగితం పెట్టాను. జీతంలోంచి నెలనెలా కోసుకుంటారు.

ఎలాగూ గోడ కొట్టాం కాబట్టి మేస్త్రీ ఒక సలహా ఇచ్చాడు. బాత్రూమ్ తలుపు ఇప్పుడు వంటింటి పక్కన ఉంది. పడగ్గదిలోంచి హాల్లోకొచ్చి చుట్టూ తిరిగి వెళ్లాలి. అది మూసేసి తిన్నగా పడగ్గదిలోకే తలుపు పెడితే మంచం దిగి నాలుగడుగులు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతకంటే ఏం కావాలి?

ఆయనతో చెబితే, "పాత తలుపు ఉండనివ్వరాదూ" అన్నారు.

"ఒక బాత్రూమ్‌కి రెండు తలుపులా? డబ్బులు చెట్లకి కాస్తున్నాయా?"

"పోనీలే. ఆ కుళాయి కూడా మార్చేస్తున్నారా?" అన్నారు.

"మార్చరూ మరి? ఏళ్ల తరబడి టప్ టప్‌మని కారుతూ బుర్ర తినేస్తోంది."

"అవునులే" అన్నారు.

ఫిబ్రవరి 11

ఇవాళ ఆయన మీద అరిచాను. కారణం రాయదగ్గది కాదు. సిమెంటు బస్తా దారిలో ఉంది, చూసుకుని నడవొచ్చుగా అన్నాను.

ఫిబ్రవరి 19

రేపటినుంచి నేల పని. ఇంట్లో కాలు పెట్టే చోటుండదు. వదిన తనే కారు మాట్లాడుకుని వచ్చి ఆయన్ని తీసుకెళ్లింది. ఆయన సంచీ సర్దుతుంటే అది కూడా తనే లాక్కుంది.

"నేల ఆరేదాకానే వదినా" అన్నాను.

"ఆరనీ, నిదానంగా ఆరనీ. తొందరేముంది" అంది. ఆ గొంతులో పండగ నాకు వినపడింది.

వాకిట్లో ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. "ఇక్కడొకటి, ఇంకొకటి, అయిపోయాయి" అని చెబుతూ. చంటిపిల్లాణ్ణి దింపినట్టు. ఏళ్ల తరబడి బస్సు నడిపిన మనిషి. నేనెప్పుడూ అలా చెయ్యి పట్టుకోలేదు. ఆయనకి తలకొట్టేసినట్టుంటుందని నాకు తెలుసు.

మార్చి 8

అయిపోయింది. లెక్క ఎంతకి తేలిందో రాయాలని కూర్చున్నాను గానీ ఇవాళ వద్దు. ఆయన సొమ్ము మొత్తం, ఆఫీసు అప్పు మొత్తం, ఇంకా ఎలక్ట్రీషియన్‌కి కొంత బాకీ. ఇల్లు మాత్రం కళ్లు తిప్పుకోనివ్వడం లేదు. గడపలు లేవు. ఎక్కడా ఎత్తుపల్లం లేదు. స్విచ్‌లన్నీ ఒకే బోర్డు మీదకి వచ్చాయి. బాత్రూమ్ తలుపు చప్పుడు లేకుండా మూసుకుంటుంది. మంచం కూడా కొత్త తలుపుకి ఎదురుగా ఉండేలా తిప్పి వేశాను. పాత చెప్పులు కూడా ఆ నేల మీద పెట్టబుద్ధి కాక బయట వదిలేశాను.

మార్చి 10

ఆయన్ని తీసుకొచ్చాను. వదిన "నాలుగు రోజులు ఉండనీ" అంది, నేను ఒప్పుకోలేదు.

చేత్తో చూపిస్తూ ఇల్లంతా తిప్పాను. ఇదిగో ఇక్కడ గడప ఉండేది చూడండి, ఇప్పుడు లేదు, ఇదిగో కొత్త తలుపు, ఇదిగో కుళాయి, చుక్క కారదు. "బాగుంది. చాలా బాగుంది" అన్నారు. హాలు మధ్యలో ఆగి నిలబడ్డారు. "ఇప్పుడెక్కడున్నాం?" అన్నారు.

"మన ఇంట్లోనే ఉన్నామండీ. గుర్తుపట్టలేనంతగా మారిందా?" అని మురిసిపోయాను.

మార్చి 11

ఆఫీసుకెళ్లాను. భోజనం డబ్బా, నీళ్ల సీసా కుర్చీ పక్కన పెట్టి వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి కుర్చీలో కూర్చుని ఉన్నారు. పడలేదు.

మార్చి 12

పడలేదు.

మార్చి 13

పడలేదు. వదినకి నేనే ఫోన్ చేసి చెప్పాను. "పోనీలే, మంచిదేగా" అంది. అప్పు తీసుకుంటే తీసుకున్నాను గానీ పెట్టిన ప్రతి పైసా పనిచేస్తోంది.

మార్చి 17

నీళ్ల సీసా మూత తియ్యలేదు. నిన్న కూడా అంతే. నేను ఇంటికి రాగానే "కాస్త మంచినీళ్లివ్వవే" అని అడిగి గటగటా తాగారు.

"పొద్దున్నుంచీ పక్కనే ఉన్నాయిగా?"

"దాహం వేయలేదు."

ఎండలు ముదురుతున్నాయి. పక్కనుంటే తాగని నీళ్లు నేనొస్తే తాగుతారు. ముద్దు చేసుకుంటున్నారు కాబోలు.

మార్చి 20

ప్యాంటు తడిపి, పిండి, కుర్చీ వీపు మీద ఆరేసి ఉంది. ఆయన లుంగీ కట్టుకుని కూర్చున్నారు. నీళ్లు ఒలికాయట.

మార్చి 23

మళ్లీ నీళ్లు ఒలికాయి. సీసా మూత తియ్యలేదు.

మార్చి 24

మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చేశాను. తాళంచెవి నా దగ్గర ఉంది. వీధి తలుపు కూడా కొత్తదే, చప్పుడు కాలేదు.

ఆయన హాల్లో గోడకి అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నారు. మెల్లగా గోడ వెంట నడిచారు. ఇదివరకు ఆ గోడ మధ్యలో పెచ్చు ఊడిన చోటు ఉండేది. దాని మీద చెయ్యి పడగానే ఎడమకి తిరిగేవారు. అలవాటనుకునేదాన్ని. ఇప్పుడా చోటు కోసం తడుముతూ తడుముతూ తిరగాల్సిన చోటు దాటిపోయారు. ఆగి, అరికాలితో నేలని రాశారు. అటు రాశారు, ఇటు రాశారు. బండలు తగిలితే హాలు, గచ్చు తగిలితే గది, గరుకు తగిలితే వంటిల్లు. ఇప్పుడు ఎక్కడ రాసినా ఒకటే. తల పక్కకి వంచి ఏదో విన్నారు. కుళాయి కోసం. ఇల్లు మూగగా ఉంది.

ఆ చేతులు చాచి నడిచిన తీరు చూశాక ఇంకేం మిగల్లేదు నాకు, అంచుల్లో కాస్త మందగించింది అని రాసుకోవడానికి.

చివరికి కిటికీ దగ్గరికి చేరారు. చువ్వలు చేతికి తగిలాయి. అది తలుపు కాదని తెలిసింది. అప్పటికే ఆలస్యమైంది. అక్కడే, నా మీగడ రంగు నేల మీద, తల దించుకుని నిలబడిపోయారు.

నేను పలకలేదు. పలికితే నేను చూశానని తెలిసిపోతుంది. వెనక్కి అడుగులేసి బయటికొచ్చి, తలుపు దగ్గరికి వేసి, వీధి చివర మందుల షాపు అరుగు మీద కూర్చున్నాను. బట్టలు మార్చుకునేంత సేపు ఇచ్చి, అప్పుడు వెళ్లి బెల్లు కొట్టాను.

"ఇవాళ తొందరగా వదిలేశారండీ" అన్నాను.

"నీళ్లు ఒలికాయే" అన్నారు.

"పర్లేదు, తుడుస్తాను" అన్నాను.

తుడిచాను. ఏడుపు వినపడకుండా బకెట్ గట్టిగా చప్పుడు చేశాను. ఆయన దారులన్నీ నేనే ఏరి ఏరి, డబ్బులిచ్చి మరీ పగలగొట్టించాను.

మార్చి 25

మేస్త్రీకి ఫోన్ చేసి నేల మళ్లీ మారిస్తే ఎంతవుతుందని అడిగాను. "ఇంత బాగున్న నేలకి ఏమైందమ్మా?" అన్నాడు. ఏమీ కాలేదన్నాను. అతను చెప్పిన అంకె విని థ్యాంక్స్ చెప్పి పెట్టేశాను. మొదటి అప్పే గొంతుదాకా ఉంది, దాని మీద ఇంకొకటి ఎవరిస్తారు?

సాయంత్రం తాడు కొన్నాను. కుర్చీ పక్కనున్న కిటికీ చువ్వ నుంచి పడగ్గది తలుపు మీదుగా బాత్రూమ్ గొళ్లెందాకా నడుమెత్తున బిగించి కట్టాను. దాన్ని పట్టుకుని నడిస్తే చాలు.

"ఏమిటే అది?" అన్నారు.

చెప్పడానికి నోరు తెరిచాను. మీరు పట్టుకుని నడవడానికి అనాలి. అంటే నిన్న నేను చూసింది కూడా చెప్పాలి.

"బట్టలు ఆరేసుకోడానికండీ" అన్నాను.

"ఇంట్లోనా?"

"బయట దుమ్ము."

"అవునా" అన్నారు. భుజం మీది తువ్వాలు తీసి, తాడు ఎక్కడుందో వెతుక్కుని, జాగ్రత్తగా దాని మీద ఆరేశారు. మళ్లీ కుర్చీలో కూర్చున్నారు.

మార్చి 26

తువ్వాలు అలాగే ఉంది. పెట్టిన చోటినుంచి బెత్తెడు జరగలేదు. అడిగితే ఏమనుకుంటారోనని అడగలేదు.

మార్చి 27

రేపు చెబుతాను.

మార్చి 28

ఇంటికొచ్చేసరికి ఆయన లేరు.

కుర్చీ ఖాళీగా ఉంది. ఇల్లంతా వెతికాను, వీధిలోకి పరిగెత్తాను, మందుల షాపులో అడిగాను. ఫోన్ మోగితే వదిన. "కంగారు పడకు, వాడు మా ఇంట్లో ఉన్నాడు. మధ్యాహ్నం వచ్చి తీసుకొచ్చాను."

నోటికొచ్చినట్టు తిట్టాను. నా ఇంట్లోంచి నా మొగుణ్ణి దొంగతనంగా ఎత్తుకెళ్లావన్నాను. ఆమె అంతా విని, "వాడే ఫోన్ చేశాడమ్మా. అక్కా, వచ్చి తీసుకెళ్లు, అది ఇంటికొచ్చేలోపు రా అన్నాడు. నేను అడగలేదు, ఒట్టు" అంది. ఆమె నన్ను అమ్మా అనడం పెళ్లయినప్పటినుంచీ వినలేదు.

మార్చి 29

తాడు విప్పేశాను.

ఏప్రిల్ 5

ఆదివారం. వదిన ఇంటికి వెళ్లాను. ఆమె నాకు కాఫీ ఇచ్చి, కూరలు తెచ్చుకోవాలని వంక పెట్టి బయటికి వెళ్లిపోయింది. ఆ మాత్రం మర్యాద ఆమెకుందని ఒప్పుకోవాలి.

ఆయన వరండాలో కూర్చున్నారు. గడ్డం నున్నగా గీసి ఉంది. ఆరోగ్యంగా కనపడ్డారు. అది చూసి సంతోషపడాలో కుళ్లుకోవాలో తెలియలేదు, కుళ్లుకున్నాను.

"నిజం చెప్పండి. మీకెంత కనపడుతోంది?" అన్నాను.

"వెలుతురుంటే ఉందని తెలుస్తుంది. మనిషి కదిలితే ఏదో కదిలిందని తెలుస్తుంది."

"ఎప్పటినుంచి?"

"మేస్త్రీ రాకముందునుంచే."

"టైల్స్ షాపుకి వెళ్లినప్పుడు?"

"అప్పటికే."

"మరి ఒక్క ముక్క చెప్పొచ్చుగా. నాకు చెప్పకపోతే ఎవరికి చెబుతారు?"

"నువ్వు అడగలేదు కదే. నేను ఇంట్లో కూర్చున్నప్పటినుంచీ నీ గొంతు ఎండిపోయి ఉండేది. టైల్స్ గురించి చెబుతుంటే మళ్లీ పాత గొంతు వినపడింది. దాన్ని ఎందుకు పాడుచేయడం అనుకున్నా."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. పట్టుకుంటే తలకొట్టేసినట్టు ఏమీ అనిపించలేదాయనకి, గట్టిగా తిరిగి పట్టుకున్నారు. ఇన్నాళ్లూ ఏం తెలుసనుకున్నానో నేను.

"ఇంటికి రండి. మళ్లీ నేర్చుకుందాం. ఒక్కో గదీ నేను చెయ్యి పట్టుకుని తిప్పుతాను."

"పాతిల్లు నేర్చుకోడానికి నాకు చాలా కాలం పట్టిందే. కొంచెం చూపున్నప్పుడే మొదలుపెట్టాను. నువ్వు ఆఫీసుకెళ్లాక కళ్లు మూసుకుని రోజూ తిరిగేవాణ్ణి. కుర్చీ నుంచి బాత్రూమ్‌కి, బాత్రూమ్ నుంచి వంటింటికి. పూర్తిగా వచ్చేసింది కూడా. నీకు చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నా." నవ్వబోయారు. "ఇప్పుడు మళ్లీ మొదటినుంచీ అంటే ఓపిక లేదు. ఇక్కడైతే పిలిస్తే అక్క పలుకుతుంది."

"నేను పలుకుతాను."

"నువ్వు ఆఫీసుకెళ్లాలిగా" అన్నారు. నిష్ఠూరం లేదు ఆ మాటలో. ఉన్నా బాగుండేది.

ఏప్రిల్ 7

ఉద్యోగం మానేస్తే ఏమవుతుందో లెక్క వేశాను. అద్దెకి ఒక గది ఇచ్చినట్టు వేశాను, ఇంట్లో సామాన్లు అమ్మినట్టు వేశాను, ఒక పూట తిన్నట్టు కూడా వేశాను. అప్పు తీరేదాకా మానడానికి వీల్లేదు. ఆయన ఇంట్లో ఉండాలని ఇల్లు చేయించాను. ఆ ఇంటి బాకీ తీర్చడానికి నేను బయట ఉండాలి. నేను బయట ఉంటే ఆయన ఇంట్లో ఉండలేరు. ఎటునుంచి కూడినా అదే వస్తోంది.

ఏప్రిల్ 8

ఆఫీసుకెళ్లాను.

ఏప్రిల్ 19

మేస్త్రీ వచ్చాడు. వెంట ఒక జంట. వాళ్లిల్లు బాగుచేయించుకోవాలనుకుంటున్నారట, "ఒకసారి మీ ఇల్లు చూపిస్తానమ్మా, ఏమనుకోకండి" అన్నాడు. నేనేమనుకుంటాను, రమ్మన్నాను.

మేస్త్రీ తన ఇల్లే అన్నట్టు తిప్పి చూపించాడు. ఎక్కడా గడప లేదు చూడండి, హాలు నుంచి వంటింటిదాకా ఒకటే నేల, గోడ మీద చెయ్యేసి చూడండి, వెన్నలా లేదూ. భర్త వంగి నేలలో మొహం చూసుకున్నాడు. భార్య గోడని నిమురుతూ, "మనకీ అచ్చం ఇలాగే కావాలి" అంది. ఖర్చెంతయిందని నన్ను చాటుగా అడిగింది. చెప్పాను. ఆవిడ ముఖం చిన్నబోయింది గానీ, గోడ మీద చెయ్యి మాత్రం తీయలేదు.

"ఇంత శ్రద్ధగా చేయించుకున్నారంటే మీవారికి బాగా ఇష్టమై ఉంటుంది. ఆయనకి నచ్చిందా అండీ?" అంది.

నచ్చిందనే చెప్పబోయాను. ఆ మాట నాలుక చివరే ఉంది, ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

"మా ఆయనకి కళ్లు కనపడవండీ. గుడ్డివాడు" అన్నాను.

ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు. డాక్టరు దగ్గర అనలేదు, వదినతో అనలేదు, ఆయనతో అనలేదు. ముక్కూ మొహం తెలియని మనిషితో అనేశాను. ఇంత తేలిగ్గా వస్తుందని తెలియదు.

ఆవిడ అయ్యో అని గోడ మీంచి చెయ్యి తీసేసింది. మేస్త్రీ నోరు మూసుకున్నాడు. నా వంక చూడలేదు. తను వేసిన నేలని, హాలు నుంచి వంటింటిదాకా, చూస్తూ నిలబడ్డాడు.